తరిగొండ వెంగమాంబ: శాపము నుండి హారతి వరకు

తిరుమలలో ప్రతి రాత్రియు ఏకాంతసేవ వేళ తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అను రెండు ఉపచారములు స్వామికి జరుగుచుండును. లాలి అన్నమాచార్యుని వంశీయులది. హారతి వెంగమాంబ పేరిట జరుగునది. దీనినే ముత్యాల హారతి యందురు. ఇంతటి గౌరవమును పొందిన ఆ కవయిత్రి జీవితములో లోకులు పెట్టిన బాధలు పెక్కు. ఆ బాధలు ఆమె మనస్సునకు పెట్టిన పరీక్ష అంతకంటెను పెద్దది.

వాయల్పాటికి సమీపమున, గుఱ్ఱంకొండ సీమలో, తరిగొండ యను గ్రామము కలదు. ఈ యూరు చిరకాలము చిత్తూరు జిల్లాలోనిదై యుండెను. అచ్చట కృష్ణయ్య, మంగమాంబ యను దంపతులకు 1730 ప్రాంతమున వెంగమాంబ జన్మించెను. బాల్యముననే వివాహమై, అచిరకాలముననే భర్తను కోల్పోయెను. శ్రీనివాసుడే తన పతి యని నమ్మిన ఆమె శిరోముండనమునకు సమ్మతింపలేదు, కుంకుమను విడువలేదు. మదనపల్లెలో సుబ్రహ్మణ్యాచార్యుని ఆశ్రయించి యోగవిద్య నభ్యసించెను.

దుఃఖములో నున్న బాలికను చూచి జాలిపడవలసిన గ్రామస్థులలో కొందరు ఆమె అవమానమునకై యెదురుచూచిరి. నృసింహాలయములో ధ్యానము చేయుచున్న ఆమెను అర్చకుడు బయటికి ఈడ్చెనని గాథ కలదు. ఒక పీఠాధిపతి గ్రామమునకు వచ్చినపుడు వారే ముందుగా పోయి ఫిర్యాదు చేసిరట. ఆయన లేచి నిలువగా ఆమె నమస్కరించెననియు, వెంటనే ఖాళీయైన ఆసనము భగ్గున మండెననియు చెప్పుదురు. గాథలోని మహిమను నమ్మువారు నమ్మవచ్చును. ఒకరి కష్టమును వేడుకగా చూడ వచ్చినవారు తలవంచుకొని మరలిన తీరు మాత్రము అందరును గ్రహింపదగినది.

తరువాత వెంగమాంబ తిరుమల చేరి తులసీవనమును పెంచుకొని తపస్సు చేసికొనుచుండెను. అచ్చటను శాంతి దొరకలేదు. పొరుగింటివారొకరు ఎంగిలి విస్తళ్లను ఆమె పెరటిలోనికి విసరుచుండిరట. తరిగొండలో అన్నిటిని ఓర్చిన యోగిని యిచ్చట సహనము కోల్పోయి, ఆ వంశము నశించునట్లు శపించెనని స్థానికులు చెప్పుకొందురు. అతడు పశ్చాత్తాపముతో వేడుకొనగా కరుణించి శాపమును సడలించెనట. అనంతరము జనసంచారము లేని తుంబురుకోనకు పోయి, అచ్చట చిరకాలము తపమాచరించెను.

ఈ ఘట్టమును దాచిపెట్టి ఆమెను పొగడుట సులభము. కాని ఇందులోనే మనకు ఉపకరించు పాఠమున్నది. విస్తళ్లు విసరినవాడు పెరటిని మాత్రమే మలినము చేసెను. క్రోధము నిలిచియుండినచో తపస్సే మలినమై యుండెడిది. అపరాధి కాళ్లపై బడినపుడు అతని పతనమును చూచి సంతోషించు అవకాశ మామెకు వచ్చినది. ఆమె ఆ సంతోషమును కోరలేదు. గెలుపనగా అదియే. ఆమె యిష్టదైవమైన నృసింహుని కథలోను ప్రహ్లాదుడు చేసినది ఇదియే గదా! తన్ను హింసించిన తండ్రి మరణించినపుడు అతడు పొంగిపోలేదు. ఆ తండ్రికే సద్గతిని వరముగా కోరెను.

వెంగమాంబ వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, రాజయోగసారము, పెక్కు యక్షగానములు రచించెను. మనస్సే బంధమునకు మూలమని బోధించు వసిష్ఠుని వేదాంతమును ఆమె తెనుగులో చెప్పుట గమనింపదగినది. పగ యనునది అట్టి బంధములలో మిక్కిలి బిగువైనది. పగవాని పేరును పగలు రాత్రి జపించువానికి దైవనామము నాలుకపై నిలుచు టెట్లు? ఆమె 1817లో తిరుమలలోనే సిద్ధిపొందెను. ఆమె బృందావనము నేటికిని అచ్చట కలదు.

తోటి విద్యార్థి పరీక్షలో తప్పినపుడు లోలోన నవ్వుకొనుట, నిన్నటి మాటను ఏడాది పొడవునా మోయుట చిన్న దోషములుగా కనబడును. పగ మొలకెత్తునది అచ్చటనే. ఉపాధ్యాయులు ఈ చరిత్రమును చెప్పునపుడు శాపముతో ఆపక, దానిని సడలించిన కరుణను కూడ చెప్పవలెను.

2011లో తిరుమలలో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. ఎంగిలి విస్తళ్లతో బాధింపబడిన తల్లి పేరిట నేడు వేలమంది విస్తరి ముందు కూర్చుండి ఆకలి తీర్చుకొనుచున్నారు. ఆ పంక్తిలో కూర్చున్నవారిని, మీరెవరి వంశమువారని అడుగువారు లేరు.