మంచుకొండలకు పాదరక్ష కూర్చిన ఎకెన్‌స్టైన్

పలనాటి బాలురు మంచుకొండలను చూచి యెరుగరు. అయినను వానకాలమున పాచిపట్టిన నాపరాతిపై కాలుపెట్టి జారనివారు మాచర్ల, గురజాల ప్రాంతములలో అరుదు. బండియెద్దులకు నాడాలు కొట్టుటయు వారెరిగినదే. ఎద్దునాడా గిట్ట అరిగిపోకుండ కాపాడును. మంచుగడ్డపై నడచువాని కాలి ఇనుము అంతమాత్రముతో సరిపోదు. అది నేలను కరచి పట్టవలెను. అట్టి ఇనుమును లెక్కకట్టి రూపొందించినవాడు ఆస్కార్ ఎకెన్‌స్టైన్.

ఆయన 1859లో లండన్ నగరమున జన్మించెను. తండ్రి జర్మనీనుండి వచ్చి స్థిరపడినవాడు, తల్లి ఆంగ్లేయురాలు. రసాయనశాస్త్రము చదివి, రైల్వే ఇంజనీరుగా పనిచేసెను. సెలవులు దొరికినపుడెల్ల వేల్సు బండరాళ్లపైనను, ఆల్ప్సు పర్వతములపైనను గడపెడివాడు. గట్టి దేహముగలవాడైనను, ఎక్కుటలో కండబలముకంటె శరీరపు తూకమునే యెక్కువగా నమ్మెను.

ఆ కాలమున మంచువాలు ఎక్కు విధమిట్లుండెను. బూట్ల అడుగున పెద్దతలల మేకులు దిగగొట్టెడివారు. వాలు నిట్టనిలువైనచో ఆ మేకులు చాలవు. అపుడు దారిచూపువాడు పొడుగాటి గొడ్డలితో గడ్డలో మెట్టు చెక్కి, దానిపై నిలిచి, పైమెట్టు చెక్కును. ఇట్లు వందలకొలది మెట్లు చెక్కుచుండగా గంటలు గడచిపోవును. ఇంతలో ఎండ కాయును. మంచు మెత్తబడి పైనుండి రాళ్లు దొర్లును. ఆలస్యమే అక్కడ ప్రాణాపాయము. ఆల్ప్సు పల్లెల వేటగాండ్రు అరికాళ్ల క్రింద నాలుగుముండ్ల ఇనుపబిళ్లలు కట్టుకొనుట పూర్వమునుండి కలదు. కాని ఆంగ్లేయ పర్వతారోహకులలో పెక్కుమందికి ముండ్లు కట్టుకొనుట మోసమువంటిదిగా తోచెను. మేకులు దిగగొట్టిన బూట్లు తొడుగుట మాత్రము వారికి తప్పుగా తోచలేదు!

ఎకెన్‌స్టైన్ మన దేశమునకును వచ్చెను. 1892లో కారకోరం పర్వతములకు వెళ్లిన కాన్వే బృందమున చేరి, నాయకునితో పొసగక మధ్యలోనే విడిపోయెను. 1902లో తానే నాయకుడై, మరి ఐదుగురితో 8,611 మీటర్ల ఎత్తుగల కె-2 శిఖరమునకు బయలుదేరెను. పంజాబున ప్రభుత్వాధికారులు ఆయనను ఆపివేసిరి. కొన్ని వారములకుగాని వదలలేదు. తరువాత హిమానిపై తుపానులు, జబ్బులు. బృందము సుమారు 6,500 మీటర్ల వరకు పోయి మరలివచ్చెను.

శిఖరము దక్కలేదు, ఆలోచన మాత్రము సాగెను. నాలుగు ముండ్లు పాదమధ్యమున మాత్రమే యుండుటచే మడమయు, మునివేళ్లును ఆధారము లేక యుండును. బరువు పాదమంతట పడునపుడు ముండ్లును పాదమంతట ఉండవలదా? ఈ విచారముతో ఆయన బూటు అంచుల వెంబడి పది ముండ్లు వచ్చునట్లు చట్రము కల్పించి, 1908లో ఆ వివరములను ఆస్ట్రియా దేశపు పర్వతారోహణ పత్రికలో ప్రకటించెను. దీనికే క్రాంపాన్ అని పేరు. ఇటలీలోని కూర్మాయూర్ గ్రామపు కమ్మరి హెన్రీ గ్రివెల్ తొలుత సందేహించియు, తుదకు దానిని చేసియిచ్చెను.

ఇనుము చేయించుటతో పని తీరలేదు. నడకయు మార్చవలసి వచ్చెను. చీలమండను వంచి, అరికాలిని వాలునకు ఆనించి ముండ్లన్నియు ఒక్కసారి దిగునట్లు అడుగు వేయవలెను. బూటు అంచుతో నిలిచినచో సగము ముండ్లు గాలిలో ఉండును. చట్రము బూటుకొలతకు సరిపోవలెను. పట్టీలు వదులైనచో అది కాలిక్రింద మెదలి మనుష్యుని పడద్రోయును. మెట్లు చెక్కు పని తగ్గినందున ఆయన గొడ్డలిని కూడ ఒంటిచేత పట్టునంత పొట్టిగా చేసెను.

అయితే ఈ ముండ్లు అన్నిచోట్ల పనికిరావు. తడిమంచు వాని నడుమ ముద్దగా కూరుకొనును. నల్లరేగడిలో నడచువాని చెప్పులకు బంకమన్ను పట్టినట్లే అది పెరుగును; ముండ్లు మంచును తాకనే తాకవు. అపుడు గొడ్డలికర్రతో తట్టి రాల్చవలెను. మోకాలులోతు మెత్తని మంచులో ముండ్లకంటె వెడల్పైన మంచుచెప్పులు మేలు. గడ్డకట్టిన చదునుబాటకు నేడు రబ్బరుపట్టీకి బిగించిన చిన్నముండ్లు చాలును. నిటారైన గడ్డపై అవి యెంతమాత్రము చాలవు.

1912లో కూర్మాయూర్ దారిచూపువారు బ్రెన్వా హిమానిపై క్రాంపాన్లతో పోటీలు జరుపుకొనిరి. 1921లో ఎకెన్‌స్టైన్ మరణించెను. లండన్‌లోని ఆల్పైన్ క్లబ్బున ఆయన ఎన్నడును సభ్యుడు కాలేదు. 1929లో హెన్రీ కుమారుడు లారెంట్ గ్రివెల్ ముందువైపునకు పొడుచుకొనివచ్చు మరి రెండు ముండ్లు చేర్చెను. దానితో మునివేళ్లతో పొడిచి నేరుగా ఎక్కుట సాధ్యమయ్యెను. 2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన పదమూడేండ్ల బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌ను ఎవరెస్టు శిఖరముపై నిలిచినపుడు వారి బూట్లక్రింద నుండినవియు క్రాంపాన్లే.