హ్యూమ్ మహాశయుడు – పక్షులు, ద్వీపములు

భారత జాతీయ కాంగ్రెసు స్థాపకులలో ముఖ్యుడుగా అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ పేరు మన విద్యార్థులు చరిత్ర పాఠములందు చదివియున్నారు. ఈ దేశపు పక్షిశాస్త్రమునకు పునాది వేసినవారిలోను ఆయన యొకడని యెరిగినవారు కొలదిమందియే.

హ్యూమ్ 1829వ సంవత్సరమున ఇంగ్లండునందు జన్మించెను. తండ్రి జోసెఫ్ హ్యూమ్ పార్లమెంటు సభ్యుడు. 1849లో హ్యూమ్ హిందూదేశమునకు వచ్చి, కంపెనీ కొలువున జేరి, ఇటావా జిల్లాకు అధికారియై, పల్లెల యందు ఉచిత పాఠశాలలు నెలకొల్పెను. తీరిక వేళల పక్షులను పరిశీలించుచు, 1872లో పక్షుల విషయమై యొక పత్రికను ప్రారంభించెను.

1873లో ఆయన స్టోలిచ్కా, వాలెంటైన్ బాల్, వుడ్ మేసన్ మొదలగు శాస్త్రజ్ఞులతో గూడి, స్కోషియా యను పొగయోడపై అండమాను, నికోబారు దీవులకు ప్రయాణమయ్యెను. ఆ సముద్రమున బారెన్, నార్కొండం అను రెండు ద్వీపములు దూరదూరముగ నున్నవి. రెండును అగ్నిపర్వతములే. దక్షిణాసియాలో నేటికిని నిప్పులు గ్రక్కునది బారెన్ ఒక్కటియే. నార్కొండము చల్లారి, దట్టమైన అడవితో నిండియున్నది. దాని వైశాల్యము సుమారు 7 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఆ చిన్న దీవిలో దప్ప లోకమున మరెచ్చటను లేని యొక పెద్దముక్కు పక్షిని, హార్న్‌బిల్ జాతిదానిని, హ్యూమ్ ఆ యేటనే శాస్త్రలోకమునకు దెలిపెను. ఆడపక్షి చెట్టుతొఱ్ఱలో దన్ను తాను మూసికొని గ్రుడ్లు పొదుగును. మగపక్షి పండ్లు దెచ్చి సన్నని రంధ్రము గుండ దాని కందించును.

ఆ కాలమున పక్షులను తుపాకితో గొట్టి, చర్మములు భద్రపరచి పరిశీలించుటయే పద్ధతి. హ్యూమ్ కూడ నట్లే చేసెను.

ప్రభుత్వ విధానములను నిర్మొగమాటముగ విమర్శించుటచే 1879లో ఆయన ఉన్నతపదవి నుండి తొలగింపబడెను. 1882లో కొలువు విడిచెను. పిమ్మట మరియొక దెబ్బ తగిలెను. పక్షులను గూర్చి యనేక సంవత్సరములు శ్రమించి వ్రాసికొనిన కాగితములను, తాను సిమ్లాలో లేని సమయమున, ఇంటి సేవకుడు చిత్తుకాగితములుగ నమ్మివైచెను. గ్రంథము వ్రాయు నాశ యంతటితో నడగిపోయెను.

అయినను హ్యూమ్ కూడబెట్టినదానిని తనకై దాచుకొనలేదు. వేలకొలది పక్షిచర్మములను 1885లో బ్రిటిష్ మ్యూజియమునకు దానమిచ్చి, ఆ యేటి డిసెంబరులో బొంబాయి యందు కాంగ్రెసు ప్రథమ సభను జరిపించెను. వచ్చిన 72 మంది ప్రతినిధులలో మన తెలుగువాడగు పనప్పాకం ఆనందాచార్యులు గలడు. హ్యూమ్ 1894లో స్వదేశమున కేగి, 1910లో లండనునందు వృక్షశాస్త్ర సంస్థను స్థాపించి, 1912లో మరణించెను.

నార్కొండము 1977 నుండి వన్యప్రాణుల శరణాలయముగ నున్నది. ఆ యడవి నశించినచో ఆ పక్షి సృష్టినుండియే తొలగిపోవును. విద్యార్థులారా! మన అచ్చంపేట చేరువనున్న నల్లమలలోను ప్రాణులు పెక్కులు గలవు. గుంపుగా నేగునపుడు మెల్లగ నడచి, కన్నులార గాంచి, వ్రాసికొని, వానిని వాని తావుననే విడిచి రండు. అట్లు వ్రాసినదానిని పదిమందికి బంచిపెట్టుడు. పంచిన విద్య యే సేవకుడును అమ్మివేయజాలనిది.