ఢాకా లెక్కల మాస్టారి అబ్బాయి

ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. నాలుగు పంక్తులు రాశాక, అవి నా తోటివాళ్ళు నాకంటే బాగా రాస్తారనిపించి ఆపేశాను. ముప్పై ఏళ్ళుగా నాది స్ట్రక్చరల్ ఇంజనీరు పని. మన ఊళ్ళో ఆ మాట చెబితే ఇళ్ళకు ప్లాన్లు గీస్తావా అని అడుగుతారు. ప్లాను గీసేది ఆర్కిటెక్టు, అది నిలబడేలా చూసేది మేము. మేడ బాగుంటే పేరు ఆయనకు, గోడ పగిలితే ఫోను మాకు. అలాంటి పనిలో ఉండి కూడా ప్రపంచంలోకెల్లా ఎత్తైన మేడకు తన పేరు ముడివేసుకున్న ఒక మనిషి గురించి రాస్తాను. ఆయన పేరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్.

1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. తండ్రి అబ్దుర్ రహమాన్ ఖాన్ బడిలో లెక్కల మాస్టారు. పాఠ్యపుస్తకాలు రాశారు, తరవాత విద్యాశాఖలో పెద్ద పదవికి ఎదిగారు. ఇంట్లో లెక్కల మాస్టారుంటే పిల్లల గతి ఏమిటో మనలో మాస్టార్ల పిల్లలను అడిగితే చెబుతారు. ఈ అబ్బాయికి మాత్రం అది కలిసొచ్చింది. ఢాకా అంటే మనకు ఎక్కడో దూరంగా అనిపిస్తుంది గాని నేల స్వభావాన్ని బట్టి చూస్తే దగ్గర చుట్టమే. మనకు గౌతమి, వైనతేయ, వశిష్ఠ ఉన్నట్టే వాళ్ళకు గంగ, బ్రహ్మపుత్ర, మేఘన. అదే ఒండ్రు మట్టి, అవే వరదలు, బంగాళాఖాతం నుంచి వచ్చే అవే తుఫాన్లు. తవ్వితే నీళ్ళు తప్ప రాయి తగలని నేల మీద పెరిగిన మనిషి పోయి ఆకాశాన్నంటే మేడలు కట్టాడు. నాకు ఆయన మీద గురి కుదిరింది మొదట ఇందుకే.

కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. 1950లో మతకల్లోలాల వల్ల అక్కడి చదువు ఆగిపోతే ఢాకా తిరిగొచ్చి అహసానుల్లా ఇంజనీరింగ్ కాలేజీలో పూర్తిచేశారు. అక్కడే కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు. 1952లో స్కాలర్‌షిప్పు మీద అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, మూడేళ్ళలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక డాక్టరేటు తీసుకున్నారు. 1955లో చికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థలో చేరారు. రెండేళ్ళకు దేశానికి పనికొద్దామని వెనక్కి వచ్చి కరాచీ అభివృద్ధి సంస్థలో ఉద్యోగం చేశారు. అక్కడ డిజైను కంటే ఫైళ్ళ పనే ఎక్కువైంది. 1960లో మళ్ళీ చికాగో చేరి పాత సంస్థలోనే స్థిరపడ్డారు. ఈ భాగం చదివినప్పుడల్లా, ఇక్కడ ఉద్యోగం చూసుకుందామని వచ్చి ఏడాది తిరక్కుండా మళ్ళీ విమానమెక్కిన నా స్నేహితులు ఇద్దరు ముగ్గురు గుర్తొస్తారు.

ఇక అసలు సంగతి. చాలామంది ఎత్తైన మేడకు శత్రువు దాని బరువే అనుకుంటారు. కాదు, గాలి. అంతస్తులు పెరిగితే బరువు అదే లెక్కలో పెరుగుతుంది. గాలి వంచే బలం అలా కాదు. ఎత్తు రెట్టింపయితే మొదట్లో వంగే బలం నాలుగు రెట్లవుతుంది. అదే మందం ఉంచితే కొన పక్కకు జరగడం పదహారు రెట్లవుతుంది. దాన్ని ఆపడానికి స్తంభాలు లావు చేస్తూ పోతే ఇనుము ఖర్చు తడిసి మోపెడవుతుంది. 1931లో 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం కట్టాక దాదాపు నలభై ఏళ్ళు ఎవరూ దాన్ని మించి కట్టకపోవడానికి ఈ ఖర్చు కూడా ఒక కారణం.

ఈ లెక్క నాకు పుస్తకంలో చదివినప్పటికంటే 1996 నవంబరులో బాగా అర్థమైంది. 6వ తేదీ రాత్రి తుఫాను మన సీమను దున్నేసింది. అప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. దారులు తెరుచుకున్నాక ఊరు చేరేసరికి తోటలకు తోటలే నేలకొరిగి ఉన్నాయి. అయినా అక్కడక్కడ కొన్ని చెట్లు, మట్టలన్నీ పోయి, మొండిమానులై నిలబడే ఉన్నాయి. మా పెరట్లో విరిగిపడ్డ ఒక మాను అడ్డకోత చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. టేకుకు, తుమ్మకు చేవ నడిమధ్య ఉంటుంది. కొబ్బరికి, తాడికి అలా కాదు. గట్టిదనమంతా బయటి వైపే, లోపల మెత్తటి పీచు. తాటి దూలం చేసే వడ్రంగికి ఇది పుట్టుకతో తెలుసు. నడుమనున్న గుజ్జు చెక్కేసి పై చెక్కే వాడతాడు.

ఖాన్ చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, మేడ చేవను మధ్యలోంచి తీసి చుట్టూ పెట్టడం. పాత పద్ధతిలో లోపలంతా స్తంభాలూ దూలాలూ పరుచుకుని ఉండేవి. ఆయన స్తంభాలను బయటి గోడల వెంట దగ్గర దగ్గరగా నిలిపి, వాటిని లోతైన దూలాలతో బిగించి, మొత్తం మేడనే ఒక బోలు గొట్టంలా పనిచేయించారు. వెదురు బొంగులో కిటికీలు తెరిచినట్టు. 1960ల మొదట్లో చికాగోలో 43 అంతస్తుల డివిట్-చెస్ట్‌నట్ అపార్టుమెంట్లకు తొలిసారి ఈ పద్ధతి వాడారు. చూడటానికి మామూలు కాంక్రీటు మేడ. పక్కనుంచి నడిచిపోయేవాళ్ళకు అందులో కొత్తేమిటో తెలియదు.

తరవాత వచ్చింది జాన్ హాంకాక్ సెంటర్. 100 అంతస్తులు, 344 మీటర్లు. కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్ళు. కింద వెడల్పుగా మొదలై పైకి పోనుపోను సన్నబడుతుంది. నాలుగు ముఖాల మీదా పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లా ఉక్కు పట్టీలు బిగించారు. ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం వాటిని దాచలేదు, ముసుగేయలేదు. కిటికీలకు అడ్డంగా ఏటవాలు ఉక్కు వస్తుంటే ఇల్లు కొనేదెవరన్న సందేహాన్ని కూడా తట్టుకుని నిలిచారు ఇద్దరూ. ఫలితం అంకెల్లో చూడండి. ఎంపైర్ స్టేట్‌కు చదరపు మీటరుకు దాదాపు 206 కిలోల ఉక్కు పడితే, దీనికి 145 కిలోలు సరిపోయింది. ఆయన కట్టిన వాటన్నిటిలో నాకు ఇదే ఇష్టం. బలం ఎటునుంచి ఎటు దిగుతోందో మన బడి పిల్లవాడు కూడా వేలు పెట్టి చూపించగలడు.

మేడ విరగకపోతే చాలదు, పైన ఉన్నవాళ్ళకు కడుపులో తిప్పకూడదు. ఎంత ఊగితే మనిషికి తెలుస్తుందో అప్పటికి సరైన లెక్కలు లేవు. చికాగో సైన్స్ మ్యూజియంలో వాషింగ్ మెషీన్ల ప్రదర్శన కోసం పెట్టిన తిరిగే వేదిక ఒకటుండేది. ఖాన్ కొందరిని దాని మీదికి ఎక్కించి, ఎంత వేగం మారితే వాళ్ళకు తెలుస్తోందో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూసి తన లెక్కకు ఆధారం చేసుకున్నారు. డాక్టరేటు ఉన్న మనిషి అవసరం పడితే సంతలో రంగులరాట్నం దగ్గరికైనా వెళ్ళగలగాలి!

హాంకాక్ కథలో నాకు నిద్ర పట్టనివ్వని భాగం ఇంకొకటి ఉంది. ఉక్కు చట్రం కొన్ని అంతస్తులు లేచాక, 1966లో, ఒక స్తంభం కింద పునాది కుంగుతోందని బయటపడింది. చికాగో నేల కూడా పైన మెత్తటి బంకమన్నే. లోతుకు గుండ్రటి గోతులు తవ్వి కాంక్రీటు నింపి, వాటి మీద స్తంభాలు నిలిపారు. గోతిలో దింపిన ఉక్కు తొడుగును పైకి లాగేటప్పుడు కాంక్రీటు కూడా దాంతో లేచి, ఆ ఖాళీలోకి మన్ను చేరింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. పని ఆపేశారు. ఆ ఒక్కటి బాగుచేసి ముందుకు పోలేదు. మిగిలిన పునాదులన్నిటినీ పరీక్షించి, లోపమున్నవి సరిచేశాకే మళ్ళీ పని మొదలైంది. నెలలు గడిచాయి. మేడ తలపెట్టిన డెవలపరు ఆర్థికంగా కుదేలయ్యాడు.

నా ఉద్యోగంలో మూడో ఏడు. ఒక మేడకు పైలింగ్ జరుగుతోంది. ఒక బోరులో లెక్క ప్రకారం పట్టాల్సిన కాంక్రీటు పట్టలేదు. అంటే లోపల ఎక్కడో మన్ను కూలి పైల్ నడుం సన్నబడిందన్నమాట. రాత్రి పదకొండు దాటింది. రిజిస్టరు నా చేతిలో ఉంది. ఉన్నదున్నట్టు రాస్తే తెల్లారి పని ఆగుతుంది. నేను లెక్క ప్రకారం రావాల్సిన అంకె వేసి సంతకం పెట్టాను. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు పై ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. రిజిస్టరు తెప్పించి, నా చేతనే అంకె కొట్టేయించి, అసలుది రాయించి, పక్కన సంతకం పెట్టించారు. ఆ పైల్‌కు అటూ ఇటూ రెండు కొత్తవి వేయించారు. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. హాంకాక్ పునాదుల సంగతి నేను చదివింది ఇది జరిగిన చాలా ఏళ్ళకు. మన బ్యాచ్ వాళ్ళకు కూడా ఇప్పటిదాకా చెప్పని ముచ్చట ఇది.

మళ్ళీ ఖాన్ గారి దగ్గరికి వస్తాను. హ్యూస్టన్‌లో 52 అంతస్తుల వన్ షెల్ ప్లాజా 1971లో పూర్తయింది. అక్కడి నేల మెత్తటి బంకమన్ను. అందుకే తేలికపాటి కాంక్రీటు వాడి, గొట్టంలో గొట్టం పెట్టి కట్టారు. మన జిల్లాలో పునాదులు వేసేవాళ్ళు ముందుగా చదవాల్సింది ఈ మేడ గురించే.

అన్నిటికంటే పేరొచ్చింది సియర్స్ టవర్‌కు. 1973లో కట్టడం పూర్తయింది. 110 అంతస్తులు, 442 మీటర్లు. గొట్టం మరీ వెడల్పయితే ఒక చిక్కుంది. మూలల్లోని స్తంభాలే భారమంతా మోస్తాయి, మధ్యలోవి బద్ధకిస్తాయి. దానికి ఖాన్ విరుగుడు ఏమిటంటే, ఒక్కోటి 75 అడుగుల చదరంగా తొమ్మిది గొట్టాలను కలిపి మోపు కట్టడం. లోపలి గోడలు మధ్య స్తంభాలను కూడా పనిలోకి లాగుతాయి. ఒక్క కొబ్బరి ఈనె వంగిపోతుంది, చీపురు కట్ట వంగదు. 50వ అంతస్తు దగ్గర రెండు గొట్టాలు ఆగిపోతాయి, 66 దగ్గర మరో రెండు, 90 దగ్గర మూడు. చివరిదాకా వెళ్ళేవి రెండే. అంత ఎత్తుకూ పట్టిన ఉక్కు చదరపు మీటరుకు 161 కిలోలు. పాతికేళ్ళ పాటు ప్రపంచంలో దాన్ని మించిన మేడ లేదు.

ఆ పనులు ఊపిరి సలపనివ్వని రోజుల్లోనే, 1971లో, తూర్పు బెంగాల్ తగలబడుతోంది. 1967లో అమెరికా పౌరుడైనా ఖాన్ ఊరుకోలేదు. చికాగోలో బెంగాలీలను కూడగట్టి బాధితుల కోసం సహాయ సంఘం పెట్టారు, నిధులు పోగుచేశారు. ఆయన ఇంట్లో రవీంద్ర సంగీతం సాగుతుండేది. తనూ పాడేవారు. దూరదేశంలో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఘంటసాల పాట మోగుతున్నట్టే.

ఆఖరి రోజుల్లో చేసిన గొప్ప పని ఎత్తైన మేడ కాదు, గుడారం. జెడ్డా విమానాశ్రయంలో హజ్ యాత్రికుల టెర్మినల్. 45 మీటర్ల ఎత్తు ఉక్కు స్తంభాల నుంచి తీగలతో వేలాడే 210 తెల్లటి గుడారాలు. గాజు నూలుతో నేసి టెఫ్లాన్ పూసిన గుడ్డ. ఎండను చాలామటుకు వెనక్కి కొట్టి, వేడి గాలిని పై కంతల్లోంచి పంపేస్తుంది. గోడలు లేవు. వేలమంది ఏసీ లేకుండానే నీడన సేదతీరతారు. ఇది 1981లో తెరుచుకుంది. మరుసటి ఏడాది మార్చి 27న అదే జెడ్డాలో ఖాన్ గుండెపోటుతో పోయారు. యాభై మూడో పుట్టినరోజుకు వారం తక్కువ. చికాగోలోని గ్రేస్‌లాండ్ శ్మశానంలో ఖననం చేశారు. కూతురు యాస్మిన్ కూడా స్ట్రక్చరల్ ఇంజనీరే. తండ్రి పని మీద పుస్తకం రాశారు.

జెడ్డాలో నేను రెండేళ్ళు పనిచేశాను. మొదటిసారి వెళ్ళినప్పుడు విమానం దిగుతుండగా కిటికీలోంచి ఆ గుడారాలు కనిపించాయి, వరసలు వరసలుగా. నా పక్క సీట్లో మన రాజోలు వైపు కుర్రాడు, డ్రైవరు ఉద్యోగానికి వెళ్తున్నాడు. అవేమిటండీ అని అడిగాడు. చెప్పాను. కట్టినాయన ఇక్కడే పోయాడని కూడా చెప్పాను. చక్రాలు నేలను తాకేదాకా అతను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.