యూజీన్ హూడ్రీ

యూజీన్ హూడ్రీ (1892 ఏప్రిల్ 18 - 1962 జూలై 18) ఫ్రాన్సులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు, ఆవిష్కర్త. ముడిచమురు నుండి మేలైన పెట్రోలును తీసే ఉత్ప్రేరక విధానాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చి రసాయన ఇంజనీరింగు రంగంలో ప్రసిద్ధి చెందాడు. ఆ పెట్రోలు మండినపుడు వెలువడే పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టరు రూపకల్పనకు జీవితపు చివరి దశను వెచ్చించాడు.

బాల్యము, విద్య

హూడ్రీ పారిస్ సమీపంలోని డోమోన్‌లో జన్మించాడు. తండ్రి ఉక్కు వ్యాపారి. హూడ్రీ పారిస్‌లో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1911లో పట్టా పొందాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేస్తూ 1917లో గాయపడ్డాడు. యుద్ధానంతరం మోటారు పందేలపై గల ఆసక్తి అతనిని మెరుగైన ఇంధనం వైపు మళ్ళించింది.

పెట్రోలు తయారీ

ఫ్రాన్సులో చమురు నిల్వలు స్వల్పం. అందువలన మొదట లిగ్నైటు బొగ్గు నుండి పెట్రోలు తీయటానికి ప్రయత్నించాడు గాని అది లాభసాటి కాలేదు. సిలికా, అల్యూమినా కలిసిన ఉత్ప్రేరకంతో బరువైన నూనెలను విడగొట్టి పెట్రోలు పొందవచ్చునని తన ప్రయోగాలలో కనుగొన్నాడు. 1930లో అమెరికా వెళ్ళాడు. 1937లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మార్కస్ హుక్ వద్ద సన్ ఆయిల్ సంస్థ ఈ విధానంతో భారీ కర్మాగారాన్ని ప్రారంభించింది. రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలకు కావలసిన హెచ్చు ఆక్టేను ఇంధనం తయారీకి ఇది ఎంతగానో తోడ్పడింది. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వాన్ని వ్యతిరేకించినందుకు హూడ్రీ ఫ్రెంచి పౌరసత్వం రద్దయింది. 1942లో అతడు అమెరికా పౌరుడయ్యాడు.

వాయు కాలుష్యంపై కృషి

నగరాలలో వాహనాల పొగకూ, పెరుగుతున్న ఊపిరితిత్తుల కాన్సరుకూ సంబంధం ఉండవచ్చునని హూడ్రీ ఆందోళన చెందాడు. ఆక్సీ-కాటలిస్ట్ అనే సంస్థను స్థాపించి, పొగగొట్టంలో అమర్చే పరికరాన్ని తయారుచేశాడు. దీనిలో ఉత్ప్రేరకాన్ని తాకుతూ పోయే పొగలోని కార్బన్ మోనాక్సైడు, సరిగా మండని హైడ్రోకార్బన్లు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరిగా మారతాయి. దీనికి 1956లో పేటెంటు లభించింది.

అయితే ఆనాడు ఇంజను కొట్టుకోకుండా పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపేవారు. ఆ సీసం ఉత్ప్రేరకంపై పేరుకొని దానిని నిర్వీర్యం చేసేది. అందుచేత సీసం లేని ఇంధనంతో నడిచే గిడ్డంగి వాహనాల వంటివాటిలో మాత్రమే ఈ పరికరం ఉపయోగపడింది. కార్లలో దాని వాడుకను చూడకుండానే హూడ్రీ మరణించాడు.

తరువాతి ప్రభావం

1970 నాటి వాయుశుద్ధి చట్టం ఫలితంగా అమెరికాలో 1975 నమూనా కార్లకు కన్వర్టర్లు అమర్చారు. వాటికోసం సీసం లేని పెట్రోలు అందుబాటులోకి వచ్చింది. భారతదేశంలో 1995లో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయింది. 2000లో సీసం కలిపిన పెట్రోలును దేశమంతటా నిలిపివేశారు. నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో తిరిగే కొత్త పెట్రోలు కార్లలో ఉండేది ఈ పరికరపు మెరుగుపరచిన రూపమే. అది నైట్రోజన్ ఆక్సైడులను కూడా తగ్గిస్తుంది.

1990లో హూడ్రీ పేరును అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో చేర్చారు.