ఉద్యోగం ముగిసిన పిదప కాటన్ దొర

హైదరాబాదు కోఠిలోని పాత రెసిడెన్సీ భవనం నేడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్నది. బ్రిటిషు రెసిడెంటు ఆ భవనంలో కొలువై ఉన్న కాలంలో, 1860లో, నిజాం ప్రభువుకు ఆంగ్ల ప్రభుత్వానికి ఒక ఒడంబడిక కుదిరింది. గోదావరి ఎడమగట్టు తాలూకాలు ఆంగ్లేయుల వశమైనాయి. నదిపై సాగే పడవలకు సుంకం తొలగిపోయింది. సముద్రం నుండి నాగపూరు ప్రాంతం వరకు గోదావరి మీద పడవలు నడపాలని ఒక ఇంజనీరు ఎంతో కాలంగా వాదిస్తున్నాడు. ఆ సంకల్పానికి ఈ ఒడంబడిక దారి చూపింది. ఆ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాతగా ఆయన తెలుగువారికి చిరపరిచితుడు. ఉద్యోగ విరమణానంతరం ఆయన గడిపిన సుమారు నాలుగు దశాబ్దాల జీవితం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించాడు. 1821లో మద్రాసు చేరాడు. యౌవనంలోనే క్రైస్తవ విశ్వాసం ఆయన హృదయంలో నాటుకున్నది. ఆ విశ్వాసం ఆయనకు ఆదివారపు ఆరాధనతో ముగిసేది కాదు. నందన కరువు, ఆ పిమ్మట వచ్చిన తుపానులు రాజమండ్రి జిల్లాను పీల్చి పిప్పిచేశాయి. 1821లో సుమారు 7,38,000 ఉన్న జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు దిగజారింది. జీవనది ప్రక్కనే ప్రవహిస్తుండగా మనుష్యులు అన్నం లేక మరణించటం దైవసంకల్పమని ఆయన అంగీకరించలేదు. దేవుడు నీటిని ఇచ్చాడు. దానిని పొలానికి చేర్చటం మానవుని విధి. ఈ నమ్మకమే 1847–52 మధ్య గోదావరికి అడ్డంగా రాతికట్టగా రూపొందింది.

ఆయన భారతదేశపు ఉద్యోగం 1860 ప్రాంతంలో ముగిసింది. 1861లో సర్ బిరుదం లభించింది. కీర్తి దక్కింది, ఇక విశ్రాంతి తీసుకొన్నా తప్పుపట్టేవారు లేరు. అయితే తరువాతి సంవత్సరాలు ఆయనకు ఆశాభంగాలనే తెచ్చాయి. ఎగువ గోదావరి పడవ మార్గపు పనులను ప్రభుత్వం 1871లో నిలిపివేసింది. ఆయన ప్రోత్సహించిన కర్నూలు–కడప కాలువ దానిని త్రవ్వించిన కంపెనీకి నష్టాలనే మిగిల్చింది. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చింది. కాటన్ లెక్కలు అతిశయోక్తులని విమర్శకులు పలికారు. ఆ విమర్శలో కొంత సత్యం లేకపోలేదు.

అటువంటి సమయంలో 1876–78 నాటి మహాక్షామం దక్షిణదేశాన్ని కబళించింది. ప్రభుత్వం రైలుమార్గాలపై ధనం కుమ్మరించి కాలువలను ఉపేక్షించిందని వాదిస్తూ, 1878లో డెబ్బైయైదేళ్ల వృద్ధుడు బ్రిటిషు పార్లమెంటు సంఘం ఎదుట సాక్ష్యమిచ్చాడు. నీటిపారుదల విషయంలో ఫ్లారెన్సు నైటింగేల్ ఆయన పక్షాన నిలిచింది. సంఘాన్ని మాత్రం ఆయన ఒప్పించలేకపోయాడు. పదవి లేదు, అధికారం లేదు. మిగిలినవి కలము, విశ్వాసము. తన పనికి లెక్క చెప్పవలసినది సర్కారుకు కాక దేవునికని భావించినవానికి ఉద్యోగ విరమణతో కర్తవ్యం తీరదు కదా.

సర్రే మండలంలోని డార్కింగ్ పట్టణంలో ఆయన స్థిరపడ్డాడు. కుమార్తె ఎలిజబెత్ ఆ ఊరి కూలీలను త్రాగుడు నుండి మళ్లించటానికి కాఫీశాల తెరచి, క్రైస్తవ బోధ సాగించింది. తండ్రి చేతులు కూడ ఖాళీగా లేవు. 1876లో అరబ్బీ భాషకు ఒక ప్రథమ వాచకం ప్రకటించాడు. భాషను వ్యాకరణ సూత్రాలతో ఆరంభించక, కొద్దిపాటి మాటలతో కూర్చిన చిన్న వాక్యాలను నోటితో పలుకుతూ అభ్యసించాలన్నది ఆయన పద్ధతి. ఉపాధ్యాయులు నేటికీ ఆలోచించదగిన విషయమిది.

ఎనుబదేళ్లు దాటిన పిదప ఆయన దృష్టి ఇంటి పెరటి నేలపై నిలిచింది. మట్టిని లోతుగా త్రవ్వి గుల్లచేస్తే గాలి, నీరు వేళ్లకు అందుతాయనీ, కొద్ది నేలలోనే ఎక్కువ గోధుమ పండుతుందనీ పరీక్షలు చేశాడు. గోదావరి డెల్టాకు నీరు మళ్లించినవాడు కొద్దిపాటి నేలలో గింజలు లెక్కించటం చూపరులకు చిన్నపనిగా తోచవచ్చు. ఆయనకు రెండూ ఒకే పని: ఆకలిగొన్న మనిషికి మరొక పిడికెడు ధాన్యం.

1899 జూలై 24న, తొంబదియారేళ్ల వయస్సున, డార్కింగులో కాటన్ కన్నుమూశాడు. ఆయన కోరిన కాలువలలో చాలభాగం కాగితం మీదనే ఉండిపోయాయి. గోదావరి తీరవాసులు మాత్రం ఆయన మతాన్ని అడగలేదు. పుష్కరాలలో ఆ క్రైస్తవునికి పిండప్రదానం చేసినవారు వారిలో ఉన్నారు.