పార పట్టిన ప్రొఫెసర్ – ఆల్డో లియోపోల్డ్

మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. పి.జి.లో జీవావరణ శాస్త్రం తీసుకున్నామని చెప్పినప్పుడు, ఆ చదువుతో ఏం పని చేస్తారని మా నాన్న అడిగారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. లియోపోల్డ్ జీవితం చదివాక కొంత దొరికింది. అందుకే ఈ సంచికకు ఆయన్నే ఎంచుకున్నాం.

లియోపోల్డ్ 1887 జనవరి 11న అమెరికాలోని అయోవా రాష్ట్రం, బర్లింగ్టన్‌లో జన్మించారు. యేల్ విశ్వవిద్యాలయంలో అటవీ శాస్త్రం చదివి, 1909లో అరిజోనా అడవుల్లో ఉద్యోగంలో చేరారు. తోడేళ్లను చంపితే జింకలు పెరుగుతాయని ఆ రోజుల్లో అందరి నమ్మకం. ఆయనా నమ్మారు, తుపాకీ పేల్చారు కూడా. తోడేళ్లు లేని కొండల్లో జింకలు పెరిగి, పచ్చదనమన్నది లేకుండా మేసి, చివరికి ఆకలితో చచ్చిపోవడం తర్వాత చూశారు. తాను చేసింది తప్పని 1944లో స్వయంగా రాసుకున్నారు. పెద్ద ఉద్యోగాలు చేసినవారిలో ఈ గుణం అరుదు.

1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. అసలు కథ ఇక్కడే ఉంది. మాడిసన్ నగరం పక్కన దున్ని దున్ని వదిలేసిన పొలాలను విశ్వవిద్యాలయం తీసుకుంది. అక్కడ అందమైన తోట వేద్దామనకుండా, రైతులు రాకముందు ఆ నేల మీద ఉన్న గడ్డిమైదానాన్నే తిరిగి తెద్దామని లియోపోల్డ్, ఆయన సహచరులు తలపెట్టారు. 1935లో పని మొదలైంది. చేసిందెవరనుకుంటున్నారు? ఆర్థిక మాంద్యంలో పనిలేక ప్రభుత్వ శిబిరంలో చేరిన పేదింటి కుర్రాళ్లు. నెలకు 30 డాలర్ల జీతంలో 25 డాలర్లు ఇంటికే వెళ్లేవి. ఈ సంగతి చదివి మేము కాసేపు పుస్తకం పక్కన పెట్టాం. మిగిలి ఉన్న మైదానాల నుంచి గడ్డిని మట్టితో సహా పెళ్లగించి తెచ్చి నాటారు. అయినా పరాయి గడ్డి పోలేదు. నిప్పు పెట్టి చూస్తే, లోతైన వేర్లున్న అసలు మొక్కలు మళ్లీ లేచాయి, పరాయివి తగ్గాయి. నిప్పు కూడా ఆ మైదానానికి అవసరమేనని శాస్త్రానికి తెలిసింది ఆ పనిలోనే. ఇప్పుడు దాన్ని కర్టిస్ ప్రెయిరీ అంటారు.

అదే 1935లో ఆయన బరాబూ ఊరి దగ్గర సారం కోల్పోయిన ఇసుక పొలం కొన్నారు. ఇల్లు కాలిపోయింది. మిగిలింది కోళ్ల గూడు ఒక్కటే. పెంట ఎత్తిపోసి భార్య ఎస్టెల్లా, అయిదుగురు పిల్లలతో సెలవు రోజుల్లో అందులోనే ఉండేవారు. మొదట నాటిన పైన్ మొక్కలు 1936 కరువుకు దాదాపు అన్నీ ఎండిపోయాయి. మరుసటి ఏడాది మళ్లీ నాటారు. అలా వేల చెట్లు నిలబడ్డాయి. (మన దగ్గర ఏటా పాత గుంతలోనే కొత్త మొక్క నాటి ఫోటో దిగే పద్ధతి వేరు!)

అందరూ మెచ్చుకోలేదు సుమా. అడవిని కాపాడాలంటే జింకల సంఖ్య తగ్గించాలని, ఆడ జింకల వేటకూ అనుమతి ఇవ్వాలని 1943లో చెప్పినందుకు పత్రికల్లో ఆయన్ని తిట్టిపోశారు. ఆయన వెనక్కి తగ్గలేదు.

1948 ఏప్రిల్ 21న పొరుగు పొలంలో గడ్డి అంటుకుంటే ఆర్పడానికి వెళ్లి, గుండె ఆగి మరణించారు. వయసు 61. ఆయన పుస్తకం ‘ఎ శాండ్ కౌంటీ అల్మనాక్’ 1949లో వెలువడింది.

ఆ పొలంలో ఏ పువ్వు ఏ తేదీన పూసింది, ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది అని ఆయన నోటుబుక్కులో రాసేవారు. కూతురు నీనా 1976 నుంచి మళ్లీ అలాగే రాశారు. రెండూ పోల్చి 1999లో ప్రచురిస్తే, చాలా పూలు, పిట్టలు మునుపటికన్నా ముందే వస్తున్నాయని తేలింది. వాతావరణం వేడెక్కుతోందనడానికి అదొక సాక్ష్యమైంది. మన హాస్టల్ బావి దగ్గర వేపచెట్టు ఏ తేదీన పూతకు వచ్చిందో మేమున్న అన్నేళ్లలో ఒక్కసారీ రాసుకోలేదు. ఈ ఉగాదికి వచ్చినప్పుడు తమ్ముళ్ల చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి వెళ్లాం.