41 అడుగులు

గత నెల మా టీమ్ రాకెట్ కూలిపోయింది. ఆ రాత్రి హాస్టల్ గ్రూపులో తిరిగిన మీమ్స్ మీరూ చూసే ఉంటారు. దీపావళి తారాజువ్వే ఇంతకన్నా పైకి పోతుందని ఒకడు పెట్టాడు. మీమ్ బాగానే ఉంది, నేనూ నవ్వాను. కానీ నవ్వుతూనే ఒక విషయం దాచాను. అది చివర్లో చెప్తా. ముందు, ఆ వారమంతా నేను చదివిన ఒకాయన జీవితం చెప్పాలి. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుపోండి.

ఆయన పేరు రాబర్ట్ గొడార్డ్. 1882 అక్టోబర్ 5న అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ అనే ఊళ్లో పుట్టారు. చిన్నప్పుడు ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. స్కూలు ఎంత పోయిందంటే, హైస్కూల్ పూర్తయ్యేసరికి 21 ఏళ్లు వచ్చేశాయి. బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని బెంగపడేవాళ్లు ఈ లైన్ ఇంకోసారి చదవండి.

1899 అక్టోబర్ 19న, అంటే 17 ఏళ్లప్పుడు, ఎండుకొమ్మలు కొట్టడానికి చెర్రీ చెట్టెక్కారు. అప్పటికే హెచ్.జి.వెల్స్ రాసిన అంగారక గ్రహవాసుల నవల చదివి ఉన్నారు. చెట్టు మీద కూర్చుని పొలాల వైపు చూస్తుంటే, అంగారకుడి దాకా ఎగిరే యంత్రం చేస్తే ఎలా ఉంటుంది అనిపించింది. అంతే. ఇక జీవితాంతం ఆ తేదీని రెండో పుట్టినరోజులా డైరీలో గుర్తు చేసుకుంటూ వచ్చారు.

1911లో క్లార్క్ యూనివర్సిటీ నుంచి ఫిజిక్స్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. 1913లో క్షయ వచ్చింది. రెండు వారాలకు మించి బతకడన్నారు డాక్టర్లు. ఆయన లేచి కూర్చుని, 1914లో రెండు పేటెంట్లు పొందారు. ఒకటి అంచెలంచెలుగా విడిపోయే రాకెట్‌కి, ఇంకోటి ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్‌కి. ఇవాళ ఇస్రో వాళ్ల రాకెట్లలోనూ ఈ రెండు ఐడియాలూ ఉన్నాయి.

తర్వాత క్లార్క్‌లోనే పాఠాలు చెప్తూ ప్రయోగాలు చేశారు. మామూలు మందు రాకెట్లు ఇంధనంలోని శక్తిలో దాదాపు 2 శాతమే వాడుకుంటున్నాయని కొలిచి, నాజిల్ ఆకారం మార్చి దాన్ని 60 శాతం దాటించారు. గాలి తీసేసిన గదిలోనూ రాకెట్ తోస్తుందని చేసి చూపించారు. ఇవన్నీ రాసిన నివేదికను స్మిత్‌సోనియన్ సంస్థ 1919లో అచ్చువేసింది. అందులో చంద్రుడి దాకా రాకెట్ పంపొచ్చు అని ఒక చిన్న లెక్క కూడా ఉంది.

కొంప ముంచింది ఆ లెక్కే. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఆయన్ని ఎగతాళి చేసింది. శూన్యంలో తోయడానికి ఏమీ ఉండదని హైస్కూల్ పిల్లలకు తెలిసింది కూడా ఈ ప్రొఫెసర్‌కి తెలియదని దాని సారాంశం. నిజానికి రాకెట్ గాలిని తోసుకుంటూ పోదు. తన వెనక నుంచి వెళ్లే వాయువునే తోస్తుంది. ఆయన ప్రయోగం చేసి మరీ చూపించింది అదే. కానీ ఆ నివేదికను చదివేదెవరు? దేశమంతా నవ్వింది.

ఆయన పని ఆపలేదు. 1926 మార్చి 16న, ఆబర్న్ అనే ఊళ్లో ఒక బంధువు పొలంలో, పెట్రోల్, ద్రవ ఆక్సిజన్‌లతో ప్రపంచంలో మొదటి ద్రవ ఇంధన రాకెట్ ఎగిరింది. 41 అడుగుల ఎత్తు, రెండున్నర సెకన్లు. 184 అడుగుల అవతల క్యాబేజీ మడిలో పడింది. భార్య ఎస్తర్ కెమెరా పట్టుకున్నారు గానీ, అది ఏడు సెకన్లే తిరుగుతుంది. రాకెట్ లేచేలోపే ఆగిపోయింది. ఆ రాకెట్‌లో ఇంజిన్ పైన, ట్యాంకులు కింద. పైనుంచి లాగితే నిటారుగా పోతుందని ఆయన అంచనా. అది తప్పని తర్వాత తెలిసింది, ఇంజిన్‌ని కిందికి మార్చారు.

1929 జూలై 17న ఇంకో రాకెట్ ఎంత మోత చేసిందంటే, విమానం కూలిందనుకుని పోలీసులు వచ్చారు. చంద్రుడికి గురిపెడితే 2 లక్షల 38 వేల మైళ్లు తప్పిందని ఒక పేపర్ హెడ్డింగ్. అప్పటి మీమ్ అన్నమాట.

తర్వాత లిండ్‌బర్గ్ మాట సాయంతో గుగెన్‌హైమ్ కుటుంబం డబ్బిచ్చింది. 1930లో న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌కి వెళ్లిపోయారు. చుట్టూ ఎడారి, నవ్వేవాళ్లు లేరు. 1935లో గైరోస్కోప్‌తో దారి సరిచేసుకునే రాకెట్‌ని ఎగరేశారు. 1937 నాటికి ఎత్తు రెండున్నర కిలోమీటర్లు దాటింది.

నన్ను పట్టుకున్న విషయం ఇక్కడుంది. 1936లో కాల్టెక్ నుంచి ఫ్రాంక్ మలీనా అనే స్టూడెంట్ ఆయన్ని కలవడానికి రాస్‌వెల్ వచ్చాడు. అక్కడ కొందరు కుర్రాళ్లు కలిసి రాకెట్ ఇంజిన్ చేస్తున్నారు. గొడార్డ్ మర్యాదగా మాట్లాడారు, కానీ అసలు వివరాలేవీ చెప్పలేదు. ఏ ప్రయోగం ఎందుకు చెడిందో ఆయన నోట్‌బుక్కుల్లో ఉంది. ఆ నోట్‌బుక్కులు మూసే ఉన్నాయి. కుర్రాళ్లు అన్నీ మొదట్నుంచి నేర్చుకున్నారు. ఆ గుంపే తర్వాత జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ అయింది. ఆయన మాత్రం చివరిదాకా కొద్దిమంది మెకానిక్‌లతో ఒంటరిగానే మిగిలిపోయారు.

1945 ఆగస్టు 10న గొంతు క్యాన్సర్‌తో పోయారు. మొత్తం 214 పేటెంట్లలో 131 ఆయన పోయాక ఎస్తర్ పట్టుబట్టి తెప్పించినవే. 1969 జూలై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, న్యూయార్క్ టైమ్స్ తన పాత తప్పు ఒప్పుకుంది. వినడానికి ఆయన లేరు.

ఎగతాళికి ఆయన పని ఆగలేదు, నోరు మాత్రం మూతపడింది. నేను చేసిందీ అదే.

మా రాకెట్ ఎత్తుకి పోయేకొద్దీ సెన్సర్‌లో గాలి పీడనం తగ్గుతుంది. మళ్లీ పెరిగితే కిందికి దిగుతున్నట్టు, అప్పుడు పారాచూట్ తెరవాలి. వరసగా కొన్ని రీడింగులు చూసి నిర్ణయించాలని టీమ్‌లో అనుకున్నాం. నేను బద్ధకించి ఒక్క రీడింగే చూసేలా రాశాను. మధ్యలో ఒక్క తప్పుడు రీడింగ్ వచ్చింది. రాకెట్ ఇంకా పైకి దూసుకుపోతుండగానే పారాచూట్ తెరుచుకుంది, తాళ్లు తెగాయి. రిపోర్టులో సెన్సర్ ఫాల్ట్ అని రాశాం. ఆ బోర్డు సోల్డరింగ్ చేసిన మా ఈసీఈ ఫ్రెండ్ తన తప్పేననుకుని మూడు రోజులు మెస్‌కి కూడా రాలేదు. నాకు తెలుసు. నేను మాట్లాడలేదు.

మొన్న తనకి చెప్పేశాను. చాలాసేపు తిట్టింది, తర్వాత ఛాయ్ తాగించమంది. రిపోర్ట్ మార్చాం. ఫ్లైట్ డేటా, నా కోడ్, రెండూ క్లబ్ రూమ్ సిస్టమ్‌లో ఉన్నాయి, జూనియర్స్ ఎవరైనా తీసుకోవచ్చు. తప్పున్న లైన్‌ని చెరపలేదు. పక్కన కామెంట్‌లో నా పేరు రాసి ఉంచాను.